చెరకు లేవకముందు కొలిచిన గది

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఏ ఇంటికి ఏ రకం అద్దాల గది బాగుంటుంది?" అడుగుతూనే ఫోను నా ముందు పెడతారు. అందులో బొమ్మలుంటాయి. గుడి శిఖరంలా కోసుగా లేచిన గదులు, సగం గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన గదులు, వసారాలా గోడకు వాలిన గదులు. అన్నీ మంచు కురిసే దేశాలవి. మన నిజామాబాదు ఎండ వాటికి తెలియదు.

నలభై ఏళ్లు నేను చేసింది ఈ పనే. ఇంటిని ఆనుకుని మూడు పక్కలా అద్దం పెట్టి, లోపల కూర్చున్నవాళ్లకు బయట కూర్చున్నట్టే అనిపించేలా గది కట్టడం. ఎన్ని కట్టానో లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే వాటిలో మూడు నాలుగే వెలుగుతాయి. అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది బోధన్ దగ్గర నేను తప్పు కట్టిన గది. ఆ తప్పు వల్ల ఒక అమ్మ తన పొలం మీద పెత్తనం పోగొట్టుకోబోయింది. మీకు చెప్పాలనుకుంటున్నది ఆ గది గురించే. దానికి ముందు, నాకు వెలుగును చూపించినవాళ్ల గురించి రెండు మాటలు చెప్పాలి.

గాజు పెంకు

మా నాయన క్రైస్తవ ఉపదేశి. ఊరూరూ తిరిగి ప్రార్థన నడిపించేవాడు. మేమున్న ఊళ్లో ప్రార్థనకు ప్రత్యేకంగా మందిరం లేదు, పొడవాటి పెంకుటిల్లు ఒకటే ఉండేది. దాని కప్పులో ఒకే ఒక గాజు పెంకు. ఆదివారం పొద్దున దాని గుండా దిగిన ఎండ ముందు తలుపు దగ్గర చాప మీద రొట్టె ముక్కంత పడేది. పాటలయ్యేసరికి ఆడవాళ్ల వరస దాటేది. నాయన వాక్యం చదువుతుంటే మెల్లగా మగవాళ్ల వైపు నడిచేది. చివరికి ఆయన చేతిలోని పుస్తకం మీదికి ఎక్కేది. అది ఎక్కితే ఆయన పుస్తకం మూసి కళ్లు మూసుకునేవాడు. మాకు గడియారంతో పని ఉండేది కాదు.

వెలుగు దేవుడు పలికిన మొదటి మాటకు జవాబుగా పుట్టిందని మాకు సండే స్కూల్లో నేర్పారు. నేను దాన్ని ఈ రోజుకీ అక్షరాలా నమ్ముతాను. నా చిన్నతనంలో ఆ వెలుగు మా చాపల మీద కదిలేది. అది ఎవరి ఒళ్లో పడితే వాళ్ల ముఖం చూడబుద్ధయ్యేది. పేదరాలైన ముసలమ్మ కూడా ఆ కాసేపు రాణిలా కనిపించేది. తర్వాత నేను చేసిన పనంతా ఆ గాజు పెంకును పెద్దది చేయడమే అనుకుంటాను.

కరీం భాయ్ కుర్చీ

బతుకుదెరువుకు మస్కట్ పోయి అద్దాల పనిలో చేరినప్పుడు నా ఫోర్‌మన్ కరీం భాయ్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు, నేను పొద్దున ప్రార్థన చేసుకోకుండా పనికి వస్తే ముఖం చూసి పట్టేసేవాడు. "క్యా సామ్యేల్, ఇయ్యాల నీ దేవునికి సలాం చెప్పలేదా? ముఖం గట్లనే ఉంది," అనేవాడు.

అద్దం బిగించడం చాలామంది నేర్పగలరు. కరీం భాయ్ నేర్పింది కూర్చోవడం. గది పూర్తవగానే అందులో ఒక కుర్చీ వేసి, బిగించినవాణ్ణి అందులో కూర్చోబెట్టి తలుపు మూసేవాడు.

"బైఠో మియా. అసర్ నమాజు దాకా కూసో. చెమట పట్టిందనుకో, కట్టినోని తప్పు. నిద్ర పట్టిందనుకో, కట్టినోని పుణ్యం."

ఆ ఎండలో నాకు మొదటిసారి పట్టింది చెమటే. బయటికొచ్చి చొక్కా పిండుకుంటుంటే ఆయన నవ్వి, "గిప్పుడు తెలిసిందా, కప్పు మీద అద్దం ఎందుకొద్దంటనో?" అన్నాడు. నేను చూసిన పెద్ద ఇంజినీర్లందరికంటే ఆ మనిషి గొప్పవాడు. ఇది మీరు రాసి పెట్టుకోండి: మన దేశపు ఎండకు అద్దం పక్కన ఉండాలి, నెత్తి మీద ఉండకూడదు. నెత్తి మీద అద్దం కావాలని పట్టుబట్టేవాళ్లు బొమ్మను ప్రేమిస్తున్నారు, గదిని కాదు.

కమ్మర్‌పల్లి శిఖరం

తిరిగొచ్చాక నాకు దొరికిన మొదటి పెద్ద పని కమ్మర్‌పల్లిలో. గంగారెడ్డి అనే ఆయన గల్ఫ్‌లో ఒక హోటల్లో పనిచేసి వచ్చి ఇల్లు కట్టాడు. ఆ హోటల్లో చూసినట్టు కోసుగా లేచిన అద్దాల గది ఇంటి ముందు కావాలన్నాడు. నేను కప్పుకు అద్దం వద్దన్నాను. ఆయన వినలేదు. నేనూ గట్టిగా నిలబడలేదు. కొత్త కదా, పని పోతుందని భయం.

కట్టాను. చూసేవాళ్లకు అందంగానే ఉంది. ఆయన భార్య రాజవ్వ నడుము మీద చెయ్యి వేసుకుని గది చుట్టూ ఒకసారి తిరిగింది.

"అన్నా, నేనొకటి అడుగుత, ఏమనుకోకు. గీండ్ల మనుషులు కూసుంటరా, పసుపు ఎండుతదా?"

"మనుషులే కూసుంటరు అక్కా."

"కూసోని సూడు మరి."

ఆ మాఘం దాటేసరికి గది నిండా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు. వాకిట్లో పసుపు ఆరబోసే చోటునే నేను గదితో కప్పేశాను, ఆమె ఇంకెక్కడ ఆరబోస్తుంది? అక్కడ పసుపు ఎంత బాగా ఎండిందంటే చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి పోయారు. గంగారెడ్డి మాత్రం నాతో ఏడాది మాట్లాడలేదు. గది ఎవరి చోటును ఆక్రమిస్తుందో ఆ మనిషిని ముందు అడగాలని అప్పుడు తెలిసింది. తెలిసింది గాని, నాలో పూర్తిగా ఇంకలేదు.

కోతలయ్యాక

సీతారావమ్మ గారి పెద్దలు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూమి కొన్నవాళ్లు. భర్త పోయాక పదకొండెకరాల చెరకు ఆమె ఒక్కతే నడిపింది. తెల్లవారకముందే గట్టు మీద ఉండేది. పొలంలో నీళ్లు మలిపే సాయిలు ఆమెను చూసి భయపడేవాడు, ఆమె లేకపోతే వెతుక్కునేవాడు.

ఒక రోజు ఆమె గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కూతురింట్లో నాలుగు నెలలు మంచం మీద ఉంది. చక్రాల కుర్చీ తప్పదని డాక్టర్లు తేల్చారు. కొడుకు శ్రీనివాస్‌కు బోధన్‌లో ఎరువుల దుకాణం. భూమి కౌలుకు ఇచ్చేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ఇంట్లో కూర్చుని ఆమె ఈ ఒక్క పంట చూసుకోగలిగితే సరే, లేకపోతే దసరా తర్వాత కౌలుకు. ఇల్లు పొలం అంచునే ఉంది. కూర్చున్నచోటి నుంచి పొలం కనిపించేలా అద్దాల గది కట్టమని శ్రీనివాస్ నన్ను పిలిచాడు. అమ్మ మీద అతనికి ప్రేమ లేదనకండి. తిరిగొచ్చేసరికి గది సిద్ధంగా ఉండి ఆమె సంతోషించాలన్నదే అతని కోరిక.

నేను వెళ్లింది చెరకు కోతలు అయిపోయిన వారంలో. ఇంటి మెట్ల ముందు నిలబడితే నేలంతా నరికిన మొదళ్లు. వాటి మీదుగా చూపు ఎక్కడా ఆగకుండా కాలువ గట్టు దాకా పోయింది. గట్టు మీద తూము, తూము మీద ఒక కొంగ. ఆ పొద్దున పొగమంచు తేలిపోతుంటే ఇది దేవుడు నా కోసం తెరిచి పెట్టిన కిటికీ అనుకున్నాను. టేపు తీసి కొలిచాను. శ్రీనివాస్ ఫోనులో అర్ధచంద్రాకారపు గది బొమ్మ చూపించాడు. కప్పు మాత్రం పెంకులే వేద్దామన్నాను, ఒప్పుకున్నాడు. కరీం భాయ్ మాట నిలబెట్టానని మురిసిపోయాను. మెట్ల పక్కన చిన్న వాలు పోసి, కుర్చీ సులువుగా దిగేలా గదిని నేల మట్టంలోనే కట్టాను. మొదటి అద్దం బిగించే ముందు ఎప్పట్లాగే దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

సీతారావమ్మ గారు వచ్చిన రోజు నేనూ ఉన్నాను. కుర్చీని గదిలోకి తోశారు. ఎదురుగా మొదళ్ల నుంచి మళ్లీ మొలిచిన చెరకు మోకాలెత్తు పచ్చగా ఉంది. ఆమె అద్దాన్ని చూసింది, చెరకును చూసింది, నన్ను చూసింది.

"ఇంత అందమైన గది మా వంశంలో ఎవరికీ లేదయ్యా. ఇప్పుడైతే బాగుంది. భాద్రపదంలో ఓసారి వచ్చి చూడు."

అదొక ఆహ్వానం అనుకున్నాను. తప్పకుండా వస్తానమ్మా అని దణ్ణం పెట్టి వచ్చేశాను.

భాద్రపదం

ఆమే ఫోను చేసింది. "సామ్యేలూ, రేపు పొద్దున్నే రా. వచ్చి నీ గదిలో నువ్వే కూర్చో."

వెళ్లాను. మెట్ల ముందు పొలం లేదు. ఇంటి ముందు పది అడుగుల పచ్చటి గోడ నిలబడి ఉంది. చెరకు ఆకులు గాలికి అద్దాన్ని గీరుతున్నాయి. గదిలో చీకటి, ఉక్క. నీటి అడుగున కూర్చున్నట్టుంది. ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి, కుర్చీ తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాకా పిలవలేదు. కరీం భాయ్ మస్కట్ నుంచి వచ్చి తలుపు మూసినట్టే అనిపించింది.

భోజనం వేళకు వచ్చి అడిగింది.

"ఏం కనపడింది?"

"చెరకు, అమ్మా."

"ఎంత చెరకు?"

నేను తల వంచుకున్నాను. "మొదటి వరస."

"నాకున్నది పదకొండెకరాలు. నువ్వు నాకో వరస చూపించావు."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే నాకు తేలికగా ఉండేది. శ్రావణంలో వానలు పడినప్పుడు తూము ముయ్యక పల్లపు మడిలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయట. సాయిలు జ్వరంతో పడుకున్నాడు. ఆమె ఈ గదిలోనే కూర్చుని ఉంది, నూరడుగుల అవతల వేళ్లు కుళ్లుతున్న సంగతి ఆమెకు తెలియలేదు. గట్టు మీద నడిచే రోజుల్లో వాసనతోనే పట్టేసేది. శ్రీనివాస్‌కు అది చాలింది.

అతను ఆ పూట అక్కడే ఉన్నాడు. "అమ్మా, నీతో కాదని నేను అనట్లేదు. కనపడని పొలాన్ని ఎవరు మాత్రం ఏం చేస్తారు? దసరా అయ్యాక ఇచ్చేద్దాం." నా వైపు తిరిగి, "పోనీ సార్, ముందున్న ఎకరం చెరకు తీసేసి పెసర్లు వేస్తే?" అన్నాడు.

సీతారావమ్మ గారు ఒప్పుకోలేదు. "కిటికీ కోసం చెరకు తీసేస్తానుట్రా? కిటికీయే లేచి చూడాలి గాని."

వెలుగు కదులుతుందని నాకు చిన్నప్పుడే తెలుసు. నేల లేస్తుందని తెలియలేదు. చెరకు ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషిని, చెరకు ఎత్తు అడగకుండా గది కొలిచాను. పొలం ఎవరిదో ఆ మనిషినీ అడగలేదు. రాజవ్వ నేర్పిన పాఠం మళ్లీ మరిచాను. ప్రార్థన చేసి కట్టినదే, అయినా తప్పే. ఇది విశ్వాసులైన పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రార్థన మనల్ని వినేవాళ్లను చేయాలి. నేను ఆ రోజు ప్రార్థనలో కూడా నేనే మాట్లాడాను.

"తప్పైంది అమ్మా. తప్పు నాదే. దసరా లోపల సరిచేస్త," అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు.

రాతి దిమ్మె

అన్నం గిన్నె పట్టుకుని బయటికొచ్చాను. ఆ గదిలో తినబుద్ధి కాలేదు. కొట్టం వెనక నుంచి సాయిలు కేకేశాడు.

"సామేలన్నా, గీడికి రారాదు. గాలొస్తది. ఆ అద్దాల డబ్బల కూసుంటే ఉడికిపోతవ్."

అతను కూర్చున్నది ఒక పాత రాతి దిమ్మె మీద. పొలం ఉత్తరపు అంచున, మనిషిన్నర ఎత్తున ఉంది. ఒకప్పుడు ఎడ్లబండి దాని మీదికెక్కితే, పక్కన కింద ఆగిన లారీలోకి చెరకు దించేవారు. బండి ఎక్కడానికి వెనకాల పొడవాటి వాలుదారి. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచింది, సాయిలు మధ్యాహ్నం అక్కడ కునుకు తీస్తాడు.

ఎక్కి అతని పక్కన కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను.

పదకొండెకరాల చెరకు నెత్తి నా కళ్ల కింద ఉంది. గాలి కాలువ వైపు నుంచి బయలుదేరి ఆ పచ్చదనం మీద నడుస్తూ మా దాకా వచ్చింది. నీళ్ల మీద ఎవరో కాలు తడవకుండా నడిచి వస్తున్నట్టు. దూరంగా గట్టు, గట్టు మీద తూము, దాని ఇనుప చక్రం. పల్లపు మడి దగ్గర పచ్చదనం కాస్త వెలిసిన చీరలా పాలిపోయి ఉంది.

"సాయిలూ, గా మూల గట్ల తెల్లబడ్డదేంది?"

"గదే అన్నా, నీళ్లు నిల్సిన మడి. ఈడికెల్లి అన్నీ కనబడ్తయి. అమ్మ మంచిగ నడిసేటప్పుడు గీ దిమ్మె ఎక్కి నన్ను తిట్టేది. గీడికెల్లి తిడితే గట్టు దాకా ఇనబడ్తది." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "గిప్పుడు తిట్టేటోళ్లు లేక మంచిగ అనిపిస్తలేదన్నా."

వాలుదారి వైపు తిరిగి చూశాను. బరువు బండితో ఎద్దులు ఎక్కిన దారి. చక్రాల కుర్చీ ఎక్కదా? ఇంటి వెనక తలుపు నుంచి అక్కడిదాకా గట్టి నేల. ఆమె నడిచినన్నాళ్లూ ఎక్కి నిలబడిన చోటు అదే. అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. నేను టేపు పట్టుకుని దాని పక్క నుంచే పది సార్లు తిరిగాను.

అర్ధచంద్రపు గదిని విప్పేశాం. అద్దాలు, అల్యూమినియం పట్టీలు చాలావరకు మళ్లీ పనికొచ్చాయి. దిమ్మె మీద మూడడుగుల అరుగు లేపాను, వాలుదారిని ఆ ఎత్తుకు పొడిగించి నున్నగా చేసి, చేతిపట్టు పెట్టాను. ఈసారి ఏ బొమ్మా చూడలేదు. సీతారావమ్మ గారిని కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి ఆమె కంటి ఎత్తు కొలిచాను. అద్దం అంతకు చాలా కింద నుంచే మొదలవ్వాలి, మధ్యలో అడ్డపట్టీ ఆమె కంటికి తగలకూడదు. పడమర పక్క గోడే. మిగతా మూడు పక్కలా తెరుచుకునే అద్దాలు, ఎందుకంటే ఆమె తిట్లు గట్టు దాకా వినిపించాలి. పైన పెంకులు, చూరు బాగా ముందుకు. కప్పు మధ్యలో ఒక్కటంటే ఒక్క గాజు పెంకు పెట్టాను. అది ఎవరూ అడగలేదు.

ఆ గదిని ఏ రకం అంటారని మీరు అడిగితే నా దగ్గర పేరు లేదు. సాయిలు మాత్రం మొదటి రోజే మంచె అన్నాడు. పిట్టలను తోలడానికి చేలో కట్టుకునే మంచెకూ దానికీ తేడా అద్దమే.

దసరాకు ముందు

కుర్చీని సాయిలు తోసుకుంటూ పైకి తెచ్చాడు. "అమ్మా, బరువు పెరిగినవ్," అంటే, "తోసేవాడికి కండ తగ్గిందిరా," అంది. పైకి రాగానే కుర్చీని అద్దం దగ్గరికి జరిపాడు. ఆమె చాలాసేపు చూసింది. ఎండ గాజు పెంకులోంచి దిగి నేల మీద రొట్టె ముక్కంత పడి ఉంది. ఆమె ఒక్కో మడినీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టు పెదవులు కదిలాయి. నేను గోడ పక్కన నిలబడి, నా దేవునితో ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాను.

శ్రీనివాస్ ఆ సాయంత్రం వచ్చాడు. కౌలుకు తీసుకునేవాళ్లతో మాట్లాడే వచ్చాడని అతని ముఖమే చెబుతోంది. ఆమె ఆ సంగతి ఎత్తలేదు. తన పక్కన స్టూలు చూపించింది.

"కూర్చోరా. తల ఇంత ఎత్తులో పెట్టి చూడు. ఏం కనపడుతోంది?"

అతను అయిష్టంగానే కూర్చున్నాడు. కాసేపటికి ముందుకు వంగాడు.

"అమ్మా, దక్షిణం వైపు ఆకు ముడుచుకుంటోందేంటి? అక్కడికి నీళ్లు పోవట్లేదా?"

"పొద్దున్నుంచీ నేనూ అదే చూస్తున్నా. చిన్న కాలవలో ఏదో అడ్డం పడింది. సాయిలు అవతల మడిలో ఉన్నాడు."

గాజు పెంకు వెలుగు అతని బూటు మీదికి ఎక్కింది. అతను వంగి బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వాలుదారిన దిగిపోయాడు. కాసేపటికి గట్టు మీద తెల్ల చొక్కా ఒకటి నడుస్తూ కనిపించింది. ఆమె అద్దం తెరిచింది.

"అటు కాదురా! రెండో తూముకి ఎడం పక్క! దుకాణంలో కూర్చుని కూర్చుని దారి మర్చిపోయాడు వెధవ."

అవతల మడిలోంచి సాయిలు పకపకా నవ్వడం ఇక్కడిదాకా వినిపించింది. ఆ దసరాకు కౌలు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత వయసు మీద పడి నేను పని మానేశాను. ఈ పనిలో మీకు నా నుంచి మిగిలే మాట ఇది. ఇంటికి ఏ రకం గది నప్పుతుందని బొమ్మల్ని అడగకండి. ఎదుట ఏం పెరుగుతుంది, ఏ నెలలో ఎంత ఎత్తు లేస్తుంది అని నేలను అడగండి. ఆ గదిలో కూర్చోబోయే మనిషి ఇదివరకు ఎక్కడ నిలబడి చూసేవారో వెతకండి. చాలాసార్లు గది అక్కడే ఉంటుంది. మనం చేయాల్సిందల్లా దానికి అద్దం పెట్టడం.

పోయిన చలికాలం సీతారావమ్మ గారు ఫోను చేశారు.

"సామ్యేలూ, చెరకు పూసింది. పూస్తే బరువు తగ్గుద్ది, నాకు నష్టమే. కానీ పైనుంచి చూస్తే వెండి పరిచినట్టుందయ్యా. వచ్చి కాసేపు కూర్చో. టేపు తేకు."

టేపు తీసుకుపోలేదు. మంచె మీద ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాను. తెల్లటి పూతంతా ఎండలో ఊగుతోంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి గాజు పెంకు వెలుగు ఆమె ఒడి దాటి నా చేతుల మీదికి వచ్చి ఉంది.